మోకాళ్ళ లోతు నీరు

కొత్త రంగు వేసిన పాత ఇల్లు కనిపిస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రిటైరై ఇంట్లో కూర్చున్నా ఈ జబ్బు వదల్లేదు. చుట్టాల గృహప్రవేశానికి వెళ్ళినా ముందు గోడ మీద అరచెయ్యి ఆనించి చూస్తాను, తర్వాత బాత్రూము కప్పు కేసి చూస్తాను, ఆ తర్వాతే అక్షింతలు. మా ఆయన మోచేత్తో పొడుస్తూనే ఉంటారు. ఏం చేయను? ఇళ్ళు కొనుక్కునేవాళ్ళకు అప్పులిచ్చే ఒక సంస్థలో, ఈ విశాఖపట్నంలోనే, జుట్టు నెరిసేదాకా నేను చేసిన ఉద్యోగం అది. జనం కొనబోయే ఇంటికి వెళ్ళి, అటూ ఇటూ తిరిగి, అది అప్పివ్వడానికి తగిన ఇల్లో కాదో రాసివ్వాలి. సివిల్ ఇంజినీరునే గానీ ఒక్క ఇల్లూ కట్టలేదు. ఎదుటివాళ్ళు కట్టినవాటికి వంకలు పెట్టి బతికాను.

మీలో చాలామంది ఇప్పుడు ఇళ్ళు కొనే వయసులో ఉన్నారు. ఫోనులో ఫొటోలు చూస్తారు, ఆదివారం ఒకపూట వెళ్ళి హాల్లో నిలబడి సోఫా ఎక్కడ పడుతుందో కొలుచుకుంటారు, అడ్వాన్సు ఇచ్చేసి వస్తారు. తర్వాత నాకు ఫోను చేసి "ఆంటీ, గోడ చెమ్మెక్కుతోంది" అంటారు. అందుకే ఒక ఇంటి సంగతి చెబుతాను, కాస్త కుదురుగా కూర్చుని వినండి. ఆ కాలనీ పేరు, మనుషుల పేర్లు అడక్కండి. అక్కడ ఇప్పటికీ ఇళ్ళు అమ్ముడవుతున్నాయి, నా వల్ల ఎవరి బేరం చెడిపోకూడదు.

మా ఊళ్ళో పాత ఇళ్ళకు ముఖ్యంగా రెండు రోగాలు. ఒకటి ఉప్పుగాలి. స్లాబులో ఉన్న ఇనుమును మెల్లగా తినేస్తుంది, తుప్పు ఉబ్బి పెచ్చులూడతాయి. అది కనిపెట్టడం పెద్ద విద్యేం కాదు, కప్పు మీద కర్రతో తట్టుకుంటూ పోతే బోలు చప్పుడు తెలిసిపోతుంది. రెండోది నీరు. ఊరి చుట్టూ కొండలు, కొండల మీది నీళ్ళు దిగడానికి గెడ్డలు. గెడ్డ అంటే మావైపు వాగన్నమాట. ఒకప్పుడు గెడ్డలు పారిన చోట ఇప్పుడు కాలనీలున్నాయి. కాలనీ వచ్చిందని నీరు దారి మార్చుకోదు కదా! అది ఎవరింటికి వస్తుందో ఇల్లు చూసి చెప్పలేం. వీధిని చూడాలి, వీధిలో మనుషుల్ని అడగాలి.

అడగడానికి మా ఆఫీసులో ఒక పద్ధతుండేది. మొదటిసారి వెళ్ళినప్పుడు లోను ఆఫీసు నుంచి వచ్చామని చెప్పేవాళ్ళం కాదు, మేమే కొనుక్కోవడానికి వచ్చినట్టు మాట్లాడేవాళ్ళం. ఆఫీసరంటే జనం బిగుసుకుపోతారు. కాబోయే పొరుగువాళ్ళంటే కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు, కాఫీతోపాటు కబుర్లూ వస్తాయి. నేను ప్రతి ఇంటికీ మంచి చీర కట్టుకుని వెళ్ళేదాన్ని. మా సెక్షన్లో నాకన్నా చిన్నవాడొకడుండేవాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు. బండి దిగకుండానే ఇల్లు చూసేసే రకం. "ఏటక్కా, ఇల్లు సూడ్డానికెళ్తన్నావా, పెళ్ళిసూపులకెళ్తన్నావా?" అని రోజూ ఏడిపించేవాడు. "నీలాగా హారన్ కొట్టి రిపోర్టు రాయడం నాకు రాదులేరా" అనేదాన్ని.

ఇక అసలు విషయానికి వస్తాను. నేను రిటైరవడానికి కొద్దికాలం ముందు ఒకావిడ మా ఆఫీసుకు వచ్చింది. జాలరిపేట మనిషి. దాదాపు నా వయసే. తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగి చేపలమ్ముతుంది. భర్త బోటు మీద వేటకు పోతాడు. కొడుకు గాజువాక వైపు ఒక వర్క్‌షాపులో వెల్డరు, అప్పు అతని పేరునే. అతనికేమో షిఫ్టులు, సెలవు దొరకదు. అందుకని ప్రతి పనికీ తల్లే వచ్చేది, అమ్మకం ముగించుకుని ఖాళీ తట్టతో సహా. ఆ తట్టను మా ఆఫీసు గుమ్మం బయట బోర్లించి, కాళ్ళు కడుక్కుని గానీ లోపలికి వచ్చేది కాదు. ఎవరూ అడగకపోయినా అలాగే చేసేది. ఎందుకలా చేస్తుందో తర్వాత తెలిసింది.

"ఇప్పుడు అద్దెకుంటున్నారా?" అని అడిగాను.

"అద్దెకెవులిత్తారమ్మా! ముందు ఇత్తారు. నెల తిరిగీసరికి వాసనొత్తంది, కాళీ సెయ్యమంటారు. మూడు సోట్ల సూసేను. సేపలు కొనీటప్పుడు లేని వాసన, ఇల్లిచ్చినాక ఎక్కడ్నుంచొత్తాదో నాకు తెల్దు. మల్లీ పేటలోకే ఒచ్చీసినాం."

"పేటలో సొంతిల్లే కదా?"

"సొంతిల్లే. అయితే మా ముందు వరస సముద్రంలో కలిసిపోనాది. ఇప్పుడు మాదే ముందు వరస."

ఏడుపు లేదు, దీనత్వం లేదు. బస్సెప్పుడొస్తుందో చెప్పినట్టు చెప్పింది.

"నన్ను పొమ్మనీ మనిసి లేని ఇల్లు కావాలమ్మా. సొంతిల్లయితే ఎవుడు పొమ్మంటాడో నానూ సూత్తాను" అంది లేస్తూ.

ఆమె చూసుకున్న ఇల్లు గోపాలపట్నం దాటాక, కొండ కింద ఒక కాలనీలో, సందు చివర ఉంది. సందులో అన్నిటికంటే పాత ఇల్లదే. ఒకే అంతస్తు, ముందు వరండా, ఎక్కడానికి ఎత్తయిన మెట్లు, వెనక కొండవైపు రాళ్ళతో కట్టిన పాత కాలువ. సొంతదారు వన్‌టౌన్‌లో బట్టల దుకాణమున్న సాయిబుగారు. ఆ ఇల్లు అద్దెలకిచ్చుకునేవారు, కొంతకాలంగా ఖాళీగా ఉంది. అమ్మకానికని లోపలా బయటా నిమ్మపండు రంగు కొట్టించారు. ఆ రంగు చూడగానే నా సంగతి తెలుసుగా!

"వానాకాలంలో నీళ్ళు వస్తాయా?" అని దుకాణానికి వెళ్ళి మరీ అడిగాను.

ఆయన గజంబద్ద పక్కన పెట్టి, "అబద్ధమెందుకు మేడమ్! బాడుగకిచ్చానే గానీ, వానలో నేనెప్పుడూ ఆ ఇంట్లో లేను. బాడుగవాళ్ళు చెప్పలేదు, నేను అడగలేదు. రంగు మాత్రం బాగా వేయించాను, చూశారా?" అన్నారు.

"చూశాను. అదే నా బాధ" అన్నాను. గోడలకు నీటి మరకలేమైనా ఉండి ఉంటే అవన్నీ ఆ రంగు కిందే ఉన్నాయి మరి.

ఇంటి తాళాలు పక్కింటావిడ దగ్గరున్నాయి. ఆవిడ భర్త షిఫ్టు డ్యూటీల మనిషి, పగలు ఉంటే నిద్ర, లేకపోతే డ్యూటీ. ఇంటి వ్యవహారమంతా ఆవిడదే. నేనే కొనుక్కుంటున్నానన్నట్టు మాట కలిపాను. వెంటనే కుర్చీ వేసింది, కాఫీ ఇచ్చింది, జంతికలు పెట్టింది. మాది ఏ ఊరో అడిగింది, ఇంటిపేరు అడిగింది, మా ఆయన ఏం చేస్తారో అడిగింది. అన్నీ విన్నాక ముఖం విప్పారింది.

"మీలాంటోళ్ళు వస్తే మాకూ తోడు కదండీ. బంగారంలాంటి వీధండి ఇది. దొంగల భయం లేదు. అందరం ఒకింటి మనుషుల్లాగుంటాం."

"వానొస్తే నీరూ?"

"మా వీధిలోకి సుక్క నీరు రాదండి."

సందులో నడుస్తుంటే నాకొకటి కనిపించింది. ప్రతి ఇంట్లో బోరు మోటారును ఎత్తయిన దిమ్మ మీద పెట్టుకున్నారు. మోటారు మునిగిపోతుందని భయమున్న చోటే అలా పెడతారు. ఈ అమ్మకపు ఇంట్లో మాత్రం మోటారు నేల మీదే ఉంది. అదే అడిగాను.

"పిల్లలు బంతాడి ఇరగ్గొట్టేస్తారని పైన పెట్టుకున్నామండి. ఆ ఇంట్లో పిల్లల్లేరు కదా" అంది ఆవిడ తడుముకోకుండా.

కప్పు తట్టి చూశాను, గట్టిగానే ఉంది. గోడలు నిటారుగా ఉన్నాయి. బస్టాపు దగ్గర, మంచినీళ్ళు వస్తాయి. ఆ సాయంత్రం ఫైల్లో ఇరుగుపొరుగు ఎలా ఉంటారని అడిగే చోట 'మంచివారు' అని రాసేశాను. జంతికలు కూడా బాగున్నాయి మరి.

పొరపాటంతా అక్కడే ఉంది. వాళ్ళు మంచివాళ్ళే, కాదనను, కానీ నాతో. ఆ ఇంట్లో కాపురం పెట్టబోయేది నేను కాదు.

వారం తిరక్కుండా రెండోసారి వెళ్ళాను, ఈసారి కొనబోయే ఆమెను వెంటబెట్టుకుని. కొలతలు తీసేటప్పుడు కొనేవాళ్ళు పక్కనుండాలని మా రూలు. ఆమె పొద్దుటి అమ్మకం ముగించుకుని నేరుగా వచ్చింది. ముక్కుకు రెండువైపులా పుడకలు, చీర పైకి దోపుకుని, చంకలో తట్ట. పక్కింటావిడ తాళాలతో ఎదురొచ్చి నన్ను చూసి నవ్వింది, నా వెనకున్న మనిషిని చూసింది, తట్టను చూసింది. నవ్వు అలాగే ముఖం మీద ఉండిపోయింది గానీ కళ్ళలోంచి పోయింది.

"ఈవిడెవరండీ?"

"ఇల్లు కొనేది ఈవిడేనండి. నేను లోను ఆఫీసు నుంచి వచ్చాను."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని వాళ్ళ గుమ్మంలోకి లాక్కెళ్ళింది. గొంతు తగ్గించిందే గానీ, తగ్గించిన గొంతు కూడా సందు మొత్తానికి వినపడేలాగే ఉంది.

"మీకనుకుని సెప్పలేదండీ మేడమ్. ఇప్పుడు పాపం కొనీవాళ్ళొచ్చేరు కదా, నిజం సెప్పాలి కదండీ! వానొస్తే ఆ ఇంట్లో మోకాళ్ళ లోతు నీరండి. కొండ మీంచి దిగీసి, యనక గదిలోంచి వచ్చీసి, ముందు గదిలోకి... తోడలేక సావాల."

"మొన్న చుక్క నీరు రాదన్నారు!"

"వీధిలోకి రాదన్నానండి. ఇంట్లోకి రాదన్నానా?"

"మరి మోటారు నేల మీదే ఉందేం?"

"అందుకే కదండీ రెండుసార్లు కాలిపోయింది!"

అమ్మ దొంగా, అనుకున్నాను. ఏ ప్రశ్న వేసినా జవాబు నాలిక చివర తయారుగా పెట్టుకుంది. ఇలాంటి ఆడమనిషి మా ఆఫీసులో ఉండుంటే ఎక్కడికో వెళ్ళిపోయేది.

తిరుగు ప్రయాణంలో ఆటోలో చేపలావిడ తట్టను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాకే ఉండబట్టలేదు. "ఆవిడ మాటలు పట్టించుకోకు. నీ తట్ట చూసి అలా అంది" అన్నాను.

"నాకు తెల్దేటమ్మా? ఆయమ్మ గిన్నెలు తోమీకాడ పండుగప్ప పొలుసులున్నాయి. బాగానే తింతన్నారు." మళ్ళీ తనే అంది, "అయితే నీరు సంగతి నిజమయితేనో? సముద్రంలోంచి లెగిసెల్లి గెడ్డలో పడమంటారా?"

ఆ వీధి నాకొక మాట, ఆమెకొక మాట చెప్పింది. రెంటిలో ఏది నిజమో తేల్చాల్సిన గోడల మీద నిమ్మపండు రంగుంది.

ఆఫీసుకొచ్చి చిన్నవాడితో వాదన పెట్టుకున్నాను. "అక్కా, నీకు కోపమొచ్చింది కాబట్టి అబద్ధమంటన్నావ్. సెడ్డ బుద్ధితో నిజం సెప్పేవోళ్ళుండరేటి?" అన్నాడు. బండి దిగని వెధవ, ఒక్కోసారి భలే మాట అంటాడు. నిజమే, కోపంతో రిపోర్టు రాయకూడదు. నీరు రాదని రాస్తే, వస్తే, ఆమె జీవితాంతం తోడుకుంటూ ఉండాలి. నీరు వస్తుందని రాస్తే, రాకపోతే, ఉత్తపుణ్యానికి పక్కింటావిడ మాటకు నేను ముద్ర వేసినట్టు. అప్పు రాదు, ఆమె మళ్ళీ ముందు వరసలోనే ఉంటుంది.

అందుకని రిపోర్టు ఆపాను. వాన కురిశాక చూసి రాస్తానన్నాను. మేనేజరుగారు నవ్వాలో తిట్టాలో తెలియక, "మేడమ్, మనది లోను ఆఫీసా, వాతావరణ కేంద్రమా?" అన్నారు.

"వాన పడకుండా నీళ్ళ సంగతి ఎలా చెప్పమంటారు సార్? మీరు సంతకం పెడతానంటే ఇప్పుడే రాసేస్తాను" అన్నాను. ఆయన ఫైలు నావైపు తోసేసి టీ తెప్పించుకున్నారు.

ఆ మాట ఆమెతో చెప్పడమే కష్టమైంది. గుమ్మం బయట తట్ట బోర్లించి వచ్చి నిలబడింది. అంతా విన్నాక తలూపింది.

"అలగే కానీండమ్మా. వాయుగుండమొత్తే మీకు ఇల్లు తెలుత్తాది, మాకు ఇల్లు పోతాది. ఏది ముందో సూద్దారి."

ఎగతాళిగా అనలేదు, తిట్టినట్టూ అనలేదు. కానీ ఆ తర్వాత ఆకాశం మబ్బేసినప్పుడల్లా నాకు అన్నం సహించేది కాదు. వాన రావాలని ఎలా కోరుకోను? రాకూడదని ఎలా కోరుకోను?

వచ్చింది చివరికి. రాత్రంతా కురిసి, తెల్లారినా తెరిపివ్వలేదు. బళ్ళకు సెలవిచ్చారు, మా ఆయన వద్దంటూనే ఉన్నారు. చీర మానేసి కూతురి పాత పంజాబీ డ్రెస్సు వేసుకుని, రెయిన్‌కోటు తగిలించుకుని బయల్దేరాను. ఆటోవాడు కాలనీ మొదట్లోనే దింపేసి, "ఇంక నానెళ్ళనండి, ఇంజన్లోకి నీరెళ్ళిపోద్ది" అన్నాడు.

సందు లేదు. సందు ఉన్న చోట ఎర్రటి నీళ్ళున్నాయి. కింద గెడ్డ నిండిపోయి వెనక్కి తన్నింది. ప్రహరీ గోడలు పట్టుకుని నడుచుకుంటూ పోయాను. ఇరువైపులా ఇళ్ళలో గలాభా, బిందెలు తేలుతున్నాయి, దిమ్మల మీద మోటార్లు మాత్రం హాయిగా పొడిగా కూర్చున్నాయి. బంతాట సంగతి గుర్తొచ్చి, అంత వానలోనూ నవ్వొచ్చింది.

సందు చివరికి వెళ్ళేసరికి నిమ్మపండు రంగు ఇంటి మెట్ల మీద ఆమె కూర్చుని ఉంది. నెత్తిన తట్ట బోర్లించుకుంది, గొడుగులాగా.

"నువ్వెప్పుడొచ్చావు?"

"పొద్దున్నే. మా ఇంట్లోకి కెరటమొచ్చీసినాది. సామాను మా సెల్లి ఇంటికాడ పడీసి, నా కొడుకుని కాపలా ఎట్టి ఇలగొచ్చీసినాను. ఎలాగూ ఇయాలే కదమ్మా మీ పరీచ్చ."

నీళ్ళు కింది మెట్టును తాకి అక్కడే నిలిచాయి. నేను గబగబా ఇంటి వెనక్కి వెళ్ళాను. కొండ నీళ్ళు నిజంగానే దిగుతున్నాయి, ఉరుకుతున్నాయి. అయితే ఆ పాత రాతి కాలువ వాటిని తిన్నగా పక్కకు మళ్ళించేస్తోంది. ఎవరు కట్టించారో గానీ చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. కిటికీ సందులోంచి చూశాను, గచ్చు పొడిగా మెరుస్తోంది. వెనక చూరు కింద మోటారు నేల మీదే ఉంది, దాని మీద ఒక పిల్లి పడుకుని ఉంది.

"రాలేదు! చుక్క రాలేదు!" అని అరుచుకుంటూ ముందుకొచ్చాను. ఆఫీసర్నన్న సంగతి మరిచిపోయి ఆమె భుజాలు పట్టుకుని ఊపేశాను.

సరిగ్గా అప్పుడే పక్కింట్లోంచి కేక వినపడింది. ఆవిడ గుమ్మంలో నిలబడి, నడుం దాకా తడిసి, ఏడుపు గొంతుతో సందంతా కలియజూస్తోంది. భర్త డ్యూటీలో ఇరుక్కుపోయాడట. లోపల ఫ్రిజ్జు కదలబోతోంది, బియ్యం బస్తా అడుగు నానుతోంది.

నేనింకా చూస్తూనే ఉన్నాను. ఈమె తట్ట మెట్టు మీద పెట్టి, చీర ఇంకాస్త పైకి దోపి, నీళ్ళలోకి దిగిపోయింది. నేనూ దిగాను. వాళ్ళ హాల్లో నీరు సరిగ్గా మోకాళ్ళ లోతుంది.

"ఆ మూల అట్టుకో అక్కా! వైరు, వైరు సూసుకో! మేడమ్, మీరు ఇటు రండి!" ఆ హడావిడిలో పక్కింటావిడ ఎవరిని ఏమని పిలుస్తోందో ఆవిడకే తెలియదు. ముగ్గురం కలిసి ఫ్రిజ్జును మంచం మీదకెక్కించాం. నా నడుం అప్పుడు పట్టింది, ఇప్పటికీ వాన పడితే గుర్తు చేస్తుంది. బియ్యం బస్తాను చేపలావిడ ఒక్కతే ఎత్తి భుజాన వేసుకుంది.

"ఇదెక్కడెట్టీది?"

పక్కింటావిడ ఆలోచించలేదు. బొడ్లో దోపుకున్న తాళాల గుత్తి తీసి, నీళ్ళలో ఈడ్చుకుంటూ ముందు నడిచి, నిమ్మపండు రంగు ఇంటి మెట్లెక్కి, తలుపు తీసింది. "ఇక్కడెట్టీ అక్కా, ఇక్కడ పొడిగుంటాది" అంది.

అన్నాక, అప్పుడు వినపడింది ఆవిడకు తన మాట.

ఇంతలో సందులోంచి ఇంకో ఇద్దరాడవాళ్ళు, చంకల్లో పిల్లలతో, నెత్తి మీద పరుపుతో అలవాటైన దారిలాగా వచ్చి వరండా ఎక్కారు. మమ్మల్ని చూసి ఆగిపోయారు. నాకప్పుడు అర్థమైంది. ప్రతి వానకూ వీధి వీధంతా ఎక్కేది ఈ ఇంట్లోకే. ఖాళీగా ఉన్నన్నాళ్ళూ తాళం తీసుకుని వచ్చేస్తున్నారు. ఆ ఇంటికి ఎవరొస్తారా అని వీళ్ళకున్న బెంగంతా, వానొచ్చినప్పుడు తలుపు తీసే మనిషి రావాలనే. తమలాంటి వాళ్ళయితే తీస్తారు, తట్ట మోసే మనిషి తీయదు, లేదా తీసినా తాము వెళ్ళలేరు. ఇదీ వాళ్ళ లెక్క.

పక్కింటావిడ కొంగు పిండుకుంటూ గోడకేసి తిరిగింది. "ఏటనుకోకండి మేడమ్" అంది నాతో.

"నాకేం? ఆమెతో చెప్పు" అన్నాను. గొంతు పెంచే అన్నాను, నాకూ కోపం దిగలేదు.

చేపలావిడ బస్తాను గోడ వారగా ఆనించి, దాని అడుగు తడిమి చూసి, చేతులు దులుపుకుంది. అప్పుడడిగింది.

"నాను కొంటే? అప్పుడు కూడా వత్తావా, నా ఇంటికి?"

పరుపు నెత్తిన పెట్టుకున్న ఆవిడ దాన్ని దింపడం కూడా మరిచిపోయి నిలబడింది. పక్కింటావిడ తలెత్తి ఆమె ముఖంలోకి చూసింది.

"ఎండుసేపలు మేడ మీద ఆరబెడతావా?"

"ఆరబెడతాను."

"మా వైపెట్టకు. కొండ వైపు మూలకెట్టుకో అక్కా. గాలి అటు పోతాది."

"అలగేలే."

అయిపోయింది. నా సర్వీసులో అంత తొందరగా కుదిరిన ఒప్పందం ఇంకోటి చూడలేదు.

సాయంత్రానికి నీళ్ళు తగ్గాయి. మెయిన్ రోడ్డు దాకా కలిసి నడిచాం. నాకు మనసొప్పక అడిగాను: "వీళ్ళు అవసరానికే నీ గుమ్మమెక్కుతారు. ఎండొచ్చిందంటే మళ్ళీ ముక్కు మూసుకుంటారు. ఇలాంటి చోట నువ్వుండగలవా?"

ఆమె తట్టను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని నవ్వింది. "ఇన్నాల్లూ అందరూ నన్ను పొమ్మన్నోలేనమ్మా. ఇకనించి వానొత్తే ఆల్లే నా ఇంటికి రావాల. నాకిది సాలదేటి?"

మర్నాడు రిపోర్టు రాశాను. నీరు ఇంట్లోకి రాదని, కళ్ళారా చూశానని రాశాను. ఇరుగుపొరుగు దగ్గర మొదట రాసిన 'మంచివారు'ని కొట్టేద్దామని పెన్ను పట్టుకున్నాను, చాలాసేపు పట్టుకున్నాను. తర్వాత ఆ మాటను అలాగే ఉంచేశాను. మేనేజరుగారు "మొత్తానికి వాన పడిందన్నమాట" అని సంతకం పెట్టారు.

మీరు ఇల్లు కొనేటప్పుడు కప్పు తట్టండి, మోటారు ఎంత ఎత్తులో ఉందో చూడండి, వానలో ఒకసారి వెళ్ళండి. ఇవి నేను ఎవరికైనా చెబుతాను. ఇంకొకటి కూడా చెబుతాను. ఆ వీధికి మీరు మీరుగానే వెళ్ళండి, ఇంకొకరిని పంపి మంచిచెడ్డలు కనుక్కోకండి. వీధి మాట్లాడేది ఎదురుగా ఉన్న మనిషిని బట్టి.

రిటైరయ్యాక చేపలకని ఒకసారి ఆ కాలనీకి వెళ్ళాను. మేడ మీద కొండ వైపు మూలన నెత్తళ్ళు ఎండుతున్నాయి. వరండాలో కొత్తగా ఒక ఇనప బల్ల వెలిసింది, కొడుకు వెల్డింగు చేసి పెట్టాడట, పక్కింటి ఫ్రిజ్జు కొలతకు. ఆమె ఇంకా అమ్మకం నుంచి రాలేదు. నేను మెట్ల మీద కూర్చున్నాను.

అంతలో ఒకతను బైకు మీద వచ్చి, ఇంటిని ఎగాదిగా చూసి, పక్కింటి గేటు దగ్గర ఆగాడు. బ్రోకరు, చూస్తేనే తెలుస్తుంది. సందులో స్థలాలు కలిపి అపార్ట్‌మెంటు కట్టేవాళ్ళెవరో ఉన్నారట. చివరింటివాళ్ళు అమ్మేసి వెళ్ళిపోతారా అని అడుగుతున్నాడు. పక్కింటావిడ ముగ్గు గిన్నె చేత్తో పట్టుకుని బయటికొచ్చింది. నన్ను చూసింది. కనుబొమ్మ కూడా కదిలించలేదు.

"అదెందుకు బాబూ మీకు?" అంది అతనితో, ఎంతో జాలిగా. "వానొస్తే ఆ ఇంట్లో మోకాళ్ళ లోతు నీరు. తోడలేక సావాల."